బైపోలార్‌తో బాగానే బతకొచ్చు

బైపోలార్ (మనసు కొన్నాళ్లు హద్దు దాటి ఉరకలెత్తే మేనియా, కొన్నాళ్లు మరీ కుంగుబాటు వచ్చే జబ్బు) అని తేలాక జీవితం అయిపోయిందని కుమిలిపోయేవాళ్లకి నేను ముందు చెప్పేది నిద్ర గురించే. సరిగ్గా నిద్రపోకపోయినా అలసట తెలియకుండా, మాట వేగం పెరిగి, అర్ధరాత్రి ఆన్‌లైన్‌లో చీరల మీద చీరలు ఆర్డర్ పెట్టాలనిపిస్తోందంటే అది హుషారు కాదు, నాకు మేనియా మొదలవుతోందని గుర్తు, వెంటనే ఏటీఎం కార్డు అక్క చేతిలో పెట్టి డాక్టర్‌కి ఫోన్ చేస్తాను.

నేను వాడేది లిథియం. 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ మేనియాకి ఇది పనిచేస్తుందని రాశారు, ఇప్పటికీ ముందువరస మందే. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకి టెస్టుకి రక్తం ఇవ్వాలి, లిథియం లెవెల్‌తో పాటు అప్పుడప్పుడు కిడ్నీ, థైరాయిడ్ కూడా చూస్తారు. మన ఎండల్లో మరీ జాగ్రత్త: చెమటకి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే లిథియం పెరిగిపోతుంది, అందుకే ఉన్నట్టుండి చప్పిడి తిండి మొదలుపెట్టకూడదు, ఒళ్లునొప్పులకి మెడికల్ షాపులో ఐబుప్రొఫెన్ అడిగి తెచ్చుకోకూడదు, దానివల్లా లిథియం పెరుగుతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, చేతులు బాగా వణుకుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌ని అడగండి.

"బాగానే ఉన్నావుగా, ఇంకా మందులెందుకమ్మా" అంటారు చుట్టాలు. ప్రేమతోనే అంటారు, కానీ దయచేసి ఆ మాట విని ఆపేయకండి, బాగున్నది మందు వేసుకుంటున్నందుకే. రాత్రిపూట మరీ భారంగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.