చేతిలో తాళాలు పెట్టకండి, టైమ్ చూడండి

మా ఇంట్లో నా మాత్రలు కాల్షియం డబ్బాలో ఉంటాయి. అమ్మ ఏర్పాటు అది. నాకు ఫిట్స్ అన్న సంగతి మా గడప దాటకూడదు, పెళ్లి కావలసిన పిల్లను కదా.

టెలిగ్రామ్‌లో ఫిట్స్ ఉన్నవాళ్ల గ్రూపు ఒకటుందని తెలిసి చేరాను. అక్కడ ఫోన్ నంబరు దాచుకోవచ్చు. నా డీపీ మందార పువ్వు. మిగతావాళ్లవి వెంకటేశ్వరస్వామి, సూర్యోదయం, ఎవరి చంటిబిడ్డో. ఒక్క మొహమూ ఉండదు. ఆ గ్రూపులో ఒకావిడ మాత్రలు కందిపప్పు డబ్బాలో దాస్తుందట.

ఒకరోజు బస్టాండులో పడిపోయాను. తెలివొచ్చేసరికి చేతిలో ఎవరిదో తాళాల గుత్తి, పళ్ల మధ్య చెంచా, పెదవి చిట్లి రక్తం. మా బంధువులైతే ఏ జన్మలో చేసుకున్న పాపమో అని మొదలుపెడతారు. గ్రూపులో రాస్తే వెంటనే వచ్చిన జవాబు: "ఎన్ని నిమిషాలుంది? రాత్రి నిద్రపోయారా? మాత్ర మిస్సయ్యిందా?" ప్రాణం లేచొచ్చింది. జాలిపడకుండా లెక్కలడిగే మనుషులు దొరకడం ఎంత హాయో!

తాళాల మహత్యం గుట్టు కూడా అక్కడే తెలిసింది. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది, పేరు మాత్రం ఇనుముకి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోకూడదు, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇది తెలుగులో ప్రింట్ తీసి ఆఫీసు ఐడీ కార్డు వెనక పెట్టుకున్నాను. పక్క సీటు అక్కకి చదివి వినిపించాను కూడా.

పసరు మందు అమ్ముకోవడానికి అప్పుడప్పుడు ఎవరో ఒకరు దూరుతుంటారు, అడ్మిన్ తీసేస్తాడు.

అసలు గొడవంతా పెళ్లిళ్ల దగ్గరే. పెళ్లయితే అదే తగ్గిపోతుందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. గ్రూపులోనే ఒకమ్మాయి అత్తగారి కంట పడకూడదని మాత్రలు మానేసింది, పెళ్లయిన వారానికే పడిపోయింది. వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు వాడే ఆడవాళ్లు పిల్లల్ని కనాలనుకుంటే, ముందుగానే డాక్టరుతో మాట్లాడాలనీ, సొంతంగా మాత్రం ఆపకూడదనీ నాకు చెప్పింది తనే. హిందూ వివాహ చట్టంలో 1976 నుంచి మాటిమాటికీ మూర్ఛ వచ్చేవాళ్లు పెళ్లికి పనికిరారని ఉండేది. 1999లో ఆ మాట తీసేశారు. మా పెళ్లిళ్ల పేరయ్యకి ఆ కబురు ఇంకా అందలేదు.

ఇప్పుడొక సంబంధం వచ్చింది. "నిశ్చితార్థానికి ముందే అబ్బాయికే నేరుగా చెప్పు, మందు పేరుతో సహా" అంది ఆ అమ్మాయి. అమ్మతో అంటే "ముందు జాతకాలు కలవనీవే" అంది. నాన్ననడిగి అబ్బాయి నంబరు తీసుకున్నాను.