పంపు తిప్పే ముందు చూడాల్సినవి

సాలూరు దాటి ఘాట్ ఎక్కేటప్పుడు డీజిల్ బండి లాగకపోయినా, నల్లపొగ కక్కినా మన వైపు షెడ్లలో ముందు వినిపించే మాట "పంపు టైమింగు పోయింది, కాస్త తిప్పేద్దాం" అని. అంటే ఇంజన్‌లోకి డీజిల్ కొట్టే పంపు సరైన క్షణంలో కొట్టడం లేదని, దాని బాడీని కాస్త తిప్పి ఆ క్షణాన్ని జరపాలని. ఒక్కోసారి అదే నిజం. చాలాసార్లు మాత్రం లోపం ఇంకెక్కడో ఉంటుంది, తిప్పడంతో కొత్తది తోడవుతుంది.

డీజిల్ సిలిండర్లో పడగానే అంటుకోదు. ఆవిరై, వేడిగాలిలో కలిసి మండడానికి కొంత వ్యవధి కావాలి. అది ఒక మిల్లీసెకను అనుకుందాం. 800 ఆర్‌పీఎం ఐడ్లింగులో ఆ వ్యవధిలో క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) 4.8 డిగ్రీలు తిరుగుతుంది. 2,000 దగ్గర 12 డిగ్రీలు, 4,000 దగ్గర 24. అందుకే పిస్టన్ పైకి చేరకముందే డీజిల్ కొట్టాలి, స్పీడు పెరిగేకొద్దీ ఇంకా ముందుగా కొట్టాలి. ఆలస్యమైతే మంట ఎగ్జాస్టు దాకా సాగుతుంది. పికప్ పోతుంది, పొగ వస్తుంది, టర్బో మితిమీరి వేడెక్కుతుంది. మరీ ముందుగా కొడితే పైకి వస్తున్న పిస్టన్ నెత్తిన ఒత్తిడి పడి టకటకమని గట్టిగా కొట్టుకుంటుంది. ఘాట్‌లో గేరు దించకుండా తక్కువ ఆర్‌పీఎంలో లాగిస్తే ఈ దెబ్బ ఇంకా ఎక్కువ. హెడ్ గ్యాస్కెట్, పిస్టన్ దెబ్బతినేది ఇలాగే.

రోటరీ పంపు ఉన్న పాత బండ్లలో ఈ 'ముందుగా కొట్టే' పని పంపు అడుగున అడ్డంగా ఉండే అడ్వాన్స్ పిస్టన్ చేస్తుంది. ఇంజన్ స్పీడుతో పాటు పంపు లోపలి డీజిల్ ప్రెషర్ పెరిగి దాన్ని తోస్తుంది. నీళ్లు కలిసిన డీజిల్ వల్ల తుప్పు పట్టి అది బిగుసుకుందంటే ఐడ్లింగు బాగానే ఉంటుంది, పై స్పీడులో బండి చచ్చుబడుతుంది. అప్పుడు పంపు బాడీని అడ్వాన్సు వైపు తిప్పితే పైన కొంచెం లాగినట్టే ఉంటుంది, కింద మాత్రం నాకింగ్ (ఆ టకటక) మొదలవుతుంది. ఇది మరమ్మతు కాదు. పంపు విప్పి టెస్టు బెంచీ మీద పెట్టించాల్సిందే. దానికంటే ముందు ఫిల్టరు అడుగున నీళ్లు దించండి, సక్షన్ పైపులో గాలి బుడగలున్నాయేమో చూడండి, ఎయిర్ ఫిల్టరు విప్పి చూడండి.

నిజంగా టైమింగే చూడాలంటే చెవితో కుదరదు, డయల్ గేజీ కావాలి. కోల్డ్ స్టార్ట్ కేబులుంటే ముందు వదులు చేయాలి. ఒకటో సిలిండరును కంప్రెషన్ టీడీసీకి (గాలిని నొక్కుతూ పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటుకు) తెచ్చి, పంపు వెనక మధ్య బోల్టు తీసి గేజీ బిగించాలి. ముల్లు కదలడం ఆగేదాకా క్రాంకును వెనక్కి తిప్పి, అక్కడ సున్నా పెట్టి, ముందుకు తిప్పుతూ టీడీసీ గుర్తుకు తేవాలి. గేజీ చూపే లిఫ్టు (పంపు ప్లంజరు కదిలిన దూరం) మీ ఇంజన్ మాన్యువల్లోని అంకెతో సరిపోవాలి. ఆ అంకె మిల్లీమీటరులో నూరో వంతుల దాకా ఉంటుంది, కాబట్టి వెంట్రుకవాసి తేడా కూడా లెక్కే. పంపు షాఫ్టు తిరిగే దిశకు ఎదురుగా బాడీని తిప్పితే అడ్వాన్సు, అదే దిశలో తిప్పితే రిటార్డు (ఆలస్యం). నట్లు బిగించాక క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి మళ్లీ కొలవండి. బిగింపులో పంపు జరగడం మామూలే.

కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే హైప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ అందే) కార్లలో తిప్పడానికి ఏమీ లేదు. ఎప్పుడు కొట్టాలో ఈసీయూ (ఇంజన్ కంప్యూటరు) నిర్ణయిస్తుంది. అసలు దెబ్బకు ముందు చిటికెడు డీజిల్‌ను పైలట్‌గా వదిలి శబ్దం తగ్గించేదీ అదే. శబ్దం ఉన్నట్టుండి కరుకుగా మారితే సిలిండర్లో డీజిల్ చల్లే ఇంజెక్టర్లను అనుమానించండి. ఇంజెక్టర్ల నుంచి మిగులు డీజిల్ వెనక్కి పోయే నాలుగు రిటర్న్ పైపులకు నాలుగు సీసాలు తగిలించి కొద్ది నిమిషాలు ఐడ్లింగులో ఉంచితే, మిగతా వాటికంటే బాగా ఎక్కువ నిండిన సీసా దొంగను పట్టిస్తుంది. స్కానర్లో పి0016 కోడు (క్రాంకు, క్యామ్ షాఫ్టుల పొందిక తప్పిందని చెప్పేది) పడితే చైన్ సాగిందా, బెల్టు పన్ను జారిందా, సెన్సరు తేడా చేసిందా అన్నది చూడాలి. ఇంజన్ నడుస్తుండగా లీకు కోసం రైలు పైపుల మీద చెయ్యి మాత్రం పెట్టకండి. లోడులో ప్రెషర్ 1,000 బార్ దాటుతుంది, డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది.

ఇంజెక్టరు మార్చినప్పుడు అడుగున రాగి వాషరు కొత్తదే వేయాలి, పాతది తీశాకే. రెండు వాషర్లు పడితే నాజిల్ ఎత్తు మారి స్ప్రే దారి తప్పుతుంది. ఇంజెక్టరు నెత్తిన చెక్కిన కోడును స్కానర్‌తో ఈసీయూలో ఎక్కించమని షెడ్డులో అడగండి. అది ఎక్కించకపోతే కొత్త ఇంజెక్టరుతో కూడా ఐడ్లింగు వణకవచ్చు.