పన్నెండు గంటల పొదుగు

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. మా మేక వెన్నెలనీ దాని పిల్ల మిణుగురునీ మందతో కలపకుండా కొట్టం చివరి గదిలో కట్టేసి, గడ్డి వేసి, ఇప్పుడే కూర్చున్నాను. కళ్లు మూతలు పడుతున్నాయి. అయినా ఈ రోజు సంగతి ఈ రోజే రాసుకోవాలి. రేపటికి కొన్ని మరిచిపోతాను, కొన్ని నాకు నచ్చినట్టు గుర్తుంచుకుంటాను.

ముందు ఆ లెక్క రాస్తాను, ఎందుకంటే రోజంతా దాని చుట్టూనే తిరిగింది. నిన్న రాత్రి పదిన్నరకి వెన్నెల పాలు చుక్క లేకుండా పిండేశాను. ఈ రోజు పాడి మేకల ప్రదర్శనలో దాని తరగతి పోటీ పదిన్నరకి అన్నారు. అంటే సరిగ్గా 12 గంటలు. పాడి మేకను ప్రదర్శనకు తీసుకెళ్లేవాళ్లందరికీ ఇదే పెద్ద టెన్షన్. పాలు తక్కువగా ఉంటే పొదుగు అసలు ఆకారం కనపడదు, జడ్జి దాని వెడల్పునీ ఎత్తునీ చూడలేడు. ఎక్కువ నిండితే చర్మం బిగిసి మెరుస్తుంది, పొదుగు రాయిలా గట్టిపడుతుంది, మేక వెనక కాళ్లు ఎడంగా వేసి నడుస్తుంది. కొంతమంది కావాలనే పదహారు, పద్దెనిమిది గంటలు పిండకుండా ఉంచుతారు, పెద్దగా కనిపిస్తుందని. అది నాకు అస్సలు నచ్చదు. మేకకు నొప్పి. పైగా పొదుగును మధ్యలో పట్టి ఉంచే బంధనం మీద ఆ బరువంతా పడుతుంది. అది ఒకసారి సాగిందంటే మళ్లీ బిగుసుకోదు.

తెల్లవారుజామున నాలుగున్నరకి బయలుదేరాం, నేనూ అక్కా. వారం కిందటే వెన్నెల బొచ్చు మొత్తం కత్తిరించాను. అది సానెన్, తెల్ల మేక. బొచ్చు కింద చర్మం గులాబీ రంగులో ఉంటుంది, కత్తిరించిన వెంటనే ఎండలో నిలబెడితే కమిలిపోతుంది. అందుకే వారం ముందు. పొదుగు మీది నూగు మాత్రం నిన్న సాయంత్రం సన్న బ్లేడుతో తీశాను, నరాలు స్పష్టంగా కనపడాలని. గిట్టలు ఐదు రోజుల ముందే చెక్కాను. ముందు రోజు చెక్కితే, ఎక్కడైనా కాస్త లోతుగా తెగితే జడ్జి ముందు నడిపించే రింగులో కుంటుతుంది. ఇవన్నీ మొదటి ఏడాది ఒక్కొక్కటిగా తప్పు చేసి నేర్చుకున్నవే.

నీళ్లు కూడా ఇంటి నుంచే పట్టుకెళ్లాం, నాలుగు క్యాన్లు. మేకకు నీళ్ల వాసన మారితే మూతి పెట్టదు. నీళ్లు తాగకపోతే పాలు తగ్గుతాయి. పాలు తగ్గితే ఆ 12 గంటల లెక్క ఎంత సరిగ్గా వేసినా ఉపయోగం లేదు.

గేటు దగ్గర పశువైద్యురాలు ఒక్కో మేకనూ తడిమి చూశారు. దవడ కింద, మెడ దగ్గర, తొడల దగ్గర గడ్డలేమైనా ఉన్నాయా, మూతి చుట్టూ పుండ్లు ఉన్నాయా, చర్మం మీద తామర ఉందా అని. మా ముందున్న అబ్బాయి మేకకు దవడ కింద చిన్న వాపు ఉంది. వెనక్కి పంపేశారు. ఆ పిల్లాడి ముఖం చూడలేకపోయాను, కానీ ఆమె చేసింది సరైన పని. ఆ గడ్డ పగిలి చీము కారితే మంద మొత్తానికీ అంటుకుంటుంది. తర్వాత చెవిలోని పచ్చబొట్టు నంబరు కాగితాలతో సరిచూశారు. పక్క వరుసలో ఒకాయన తన మేక తోక ఎత్తి చూపిస్తున్నాడు. అది లామంచా. ఆ జాతికి చెవులు దాదాపు ఉండవు, అందుకని పచ్చబొట్టు తోక కింద వేస్తారు. అక్క ఇది మొదటిసారి చూడటం, చాలాసేపు అక్కడే నిలబడిపోయింది.

మా గదికి ఎదురుగా ఆంగ్లో నూబియన్లు ఉన్నాయి. ఆ పొడవాటి వేలాడే చెవులు, ఉబ్బెత్తు ముక్కు ఎప్పుడు చూసినా దగ్గరివాళ్లని చూసినట్టే ఉంటుంది నాకు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో ఆ జాతిని తయారు చేసినప్పుడు అక్కడి మేకలతో కలిపినవాటిలో మన జమునాపారి కూడా ఉంది. ఎక్కడి యమునా తీరం, ఎక్కడి ఇంగ్లండు! వాటి పాలలో వెన్న శాతం సానెన్ పాలకంటే ఎక్కువ. మా వెన్నెల పాలు కొలతలో ఎక్కువ, వెన్నలో తక్కువ. రోజుకు నాలుగు లీటర్ల దాకా ఇస్తుంది, రెండో ఈత (రెండోసారి ఈనింది).

మేకపిల్లల తరగతులు ముందు జరిగాయి. అక్క మిణుగురును తీసుకెళ్లింది. ఆరోది వచ్చింది. ఆ పిల్ల కాసేపు నడిచింది, కాసేపు కూర్చుంది. పిల్లలకు పొదుగు ఉండదు కాబట్టి ఒళ్లు, కాళ్లు, ఎముక చూసి మార్కులు వేస్తారు. దాని గురించి ఇంతకంటే రాయడానికి లేదు.

అసలు సంగతి పదిన్నరకి మొదలైంది. మొదలు కాకపోవడంతో మొదలైంది అనాలి. ముందు జాతుల తరగతుల్లో మేకలు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ వచ్చాయి. జడ్జి ఒక్కొక్క దానినీ ఓపికగా చూస్తున్నాడు. పదిన్నర పదకొండున్నర అయింది. పన్నెండు దాటింది. వెన్నెల నిలబడే తీరు మారింది. ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ ఉంది. నెమరు ఆపేసింది. చెయ్యి పెట్టి చూస్తే పొదుగు అడుగు భాగం గట్టిగా, వేడిగా తగిలింది. ఎడమ చన్ను నుంచి ఒక చుక్క కారి గడ్డి మీద పడింది.

ఏం చెయ్యాలో తోచలేదు. పిండితే పొదుగు ఆకారం పోతుంది, పిండకపోతే దానికి నొప్పి. పక్క గదిలో ఒక పెద్దావిడ ఉన్నారు, ఎన్నో ఏళ్లుగా మేకలను తెస్తున్నారట. ఆవిడని అడిగాను. "నీ మేక నడక చూడమ్మా. అది నడవలేకపోతే ఎంత పెద్ద పొదుగైతే ఏం లాభం? రెండు వైపులా సమంగా కొంచెం కొంచెం తీసేయ్" అన్నారు. సమంగా అన్న మాట ఆవిడ రెండుసార్లు చెప్పారు.

గిన్నె పెట్టి కూర్చున్నాను. వేళ్లు తగలగానే చేపింది, పాలు ధారగా వచ్చాయి. ఎడమ వైపు బరువు ఎక్కువగా ఉందని అటు మొదలుపెట్టాను. పావు లీటరు తీశానో లేదో, "ఏమే, పిలుస్తున్నారు! మన తరగతే!" అని అక్క పరిగెత్తుకొచ్చింది. కుడి వైపు చెయ్యి వేసే సమయం లేదు. తెల్ల చొక్కా మీద గడ్డి దులుపుకుని, గొలుసు పట్టుకుని రింగులోకి నడిచాను.

మొత్తం పదకొండు మేకలు. జడ్జి మధ్యలో, మేం చుట్టూ. మేక ఎప్పుడూ మనకూ జడ్జికీ మధ్య ఉండాలి. ఆయన అటువైపు వస్తే మనం ఇటువైపు మారాలి, చూపు ఆయన మీద, చెయ్యి మేక మీద. ఆగమన్నప్పుడు ముందు కాళ్లు భుజాల కింద నిటారుగా, వెనక కాళ్లు కాస్త ఎడంగా, కాస్త వెనక్కి. ఆ నిలబెట్టడం అలంకారం కోసం అనుకునేదాన్ని. కాదు, కాళ్ల మధ్య పొదుగుకు ఎంత చోటుందో, వెన్ను ఎంత సమంగా ఉందో అప్పుడే కనపడుతుంది. వెన్నెల ఈ రోజు ఒక్కసారి కూడా నన్ను మళ్లీ సర్దనివ్వలేదు, చెయ్యి వేయకముందే కాళ్లు సరిగ్గా పెట్టింది. మూడు నెలలు రోజూ సాయంత్రం కొట్టం ముందు చేసిన సాధన అది.

ఆయన వచ్చి నోరు తెరిపించి దవడ చూశాడు. పక్కటెముకల మీద వేళ్లు పరిచి వాటి మధ్య ఎడం చూశాడు. చర్మం లాగి వదిలాడు. తర్వాత వెనక్కి వెళ్లి పొదుగు కింద రెండు అరచేతులూ పెట్టి మెల్లగా ఎత్తాడు. అప్పుడు ఆయన ఒక్క క్షణం ఆగడం చూశాను. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి. నాకు గుండె జారిపోయింది. నేను చేసింది ఆయన చేతికి తెలిసిపోయింది.

నాలుగో స్థానం ఇచ్చాడు.

పాడి మేకల ప్రదర్శనలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ తర్వాతిది. జడ్జి మైకు తీసుకుని, ఏ మేక ఏ మేక కంటే ఎందుకు పైన నిలిచిందో అందరి ముందూ చెప్పాలి. కింద ఉన్నదానిలో పైదానికంటే మెరుగైనది ఏదైనా ఉంటే అదీ ఒప్పుకుని చెప్పాలి. అమెరికన్ డైరీ గోట్ అసోసియేషన్ మార్కుల పట్టికలో పాలిచ్చే మేకకు 100 మార్కుల్లో మొత్తం రూపానికి 35, పాడి లక్షణానికి 20, శరీర సామర్థ్యానికి 10, పొదుగుకు 35 ఉంటాయి. ఆ పట్టిక నాకు కంఠతా వచ్చు. కానీ అంకెలు చదవడం వేరు, ఒక మనిషి నా మేక పక్కన నిలబడి దాన్ని మాటల్లో పెట్టడం వేరు.

ఆయన చెప్పింది గుర్తున్నంతవరకు రాస్తున్నాను. "మూడోది నాలుగో దానికంటే పైన ఉండటానికి కారణం, ఈ రోజు దాని పొదుగు రెండు భాగాలూ సమంగా ఉన్నాయి. అయితే నాలుగో మేకకు వెనక పొదుగు అతుకు, అంటే పొదుగు ఒంటికి అతుక్కున్న చోటు, ఇంకా ఎత్తులో, ఇంకా వెడల్పుగా ఉందని ఒప్పుకుంటున్నాను. మధ్య బంధనం బలంగా ఉంది. పొదుగు చర్మం మెత్తగా, పట్టులా ఉంది."

మెత్తగా ఉంది అన్నాడు. ఆ పావు లీటరు తీయకపోతే ఆ మాట వచ్చేది కాదేమో. సమంగా లేదు అన్నాడు. ఆ పావు లీటరు ఒకే వైపు తీయడం వల్లే ఆ మాట వచ్చింది. రెండూ నా చేతి పనే. దారంతా దీని గురించే ఆలోచించాను. కుడివైపు కూడా తీసి ఉంటే అని అక్క అంది. రెండు నిమిషాలు ముందు మొదలుపెట్టి ఉంటే అని నేనన్నాను. అసలు పిండకుండా ఉండాల్సింది అని మాత్రం ఇద్దరిలో ఎవరం అనలేదు.

మధ్య బంధనం బలంగా ఉంది అన్న మాట ఇంకా చెవిలో మోగుతోంది. రెండేళ్లుగా రోజూ రెండు పూటలా ఆ పొదుగు కింద కూర్చుంటున్నాను. రెండు చన్నుల మధ్య ఆ లోతైన గీత నా చేతికి తెలుసు. పిండాక పొదుగు ఖాళీ తిత్తిలా మడతలు పడి పైకి ముడుచుకోవడం తెలుసు. వెన్నెల తల్లికి అలా ఉండేది కాదు. నాలుగో ఈతకే పొదుగు మోకాళ్ల కిందికి జారింది, నడిచేటప్పుడు కాళ్లకు తగిలేది, రెండుసార్లు పొదుగువాపు వచ్చింది. అందుకే దానికి పోతును ఎంచేటప్పుడు ఆ పోతు తల్లి పొదుగు చూడటానికి వెళ్లాను, పోతును చూడటానికి కాదు. అప్పుడు నవ్వినవాళ్లున్నారు. మైకులో ఆ మాట వినగానే నాకు ఆ ముసలి మేకే గుర్తొచ్చింది. రిబ్బను సంగతి అక్క చెప్పేదాకా గుర్తు రాలేదు.

రింగు నుంచి బయటికి రాగానే ముందు దాన్ని పూర్తిగా పిండాను. అప్పటికి ఒంటిగంట దాటింది. రెండు లీటర్ల పైనే వచ్చాయి. పిండుతున్నంతసేపూ తల నా భుజం మీద ఆనించి కళ్లు మూసుకుంది. పెద్దావిడ వచ్చి రిబ్బను చూసి, "వచ్చే ఏడు దీని కూతుర్ని తీసుకురా అమ్మాయ్, నేనూ చూడాలి" అన్నారు. మిణుగురును చూపించాను. వంగి దాని వెనక కాళ్ల మధ్య ఎడం చూసి తలూపారు. అంతకుమించి ఏమీ అనలేదు. నాకు అది చాలు.

ఇక ఈ రెండూ మూడు వారాలు విడిగానే ఉండాలి. ఎన్ని మేకల ముక్కులు తగిలాయో, ఏ గోడ నాకాయో తెలియదు. మా బూట్లు కూడా కడిగి బయటే ఉంచాం. మంద అవతలి నుంచి పిలుస్తుంటే వెన్నెల బదులిస్తోంది, ఆ గొంతు ఇక్కడిదాకా వినపడుతోంది.

పదిన్నర కావస్తోంది. అక్క గిన్నె కడిగి పెట్టింది. ఈ పూట కుడివైపు నుంచి మొదలుపెడతాను.