ఇన్సులిన్ పంపు నాకెలా వచ్చిందంటే

నాకు టైప్ 1 షుగర్. ఉండేది ఇంగ్లండ్‌లో. ఇక్కడ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్, ఒంటికి తగిలించుకునే ఇన్సులిన్ పంపును ఉచితంగానే ఇస్తుంది కానీ, అడిగిన అందరికీ ఇవ్వదు. పెద్దవాళ్లకి ఎప్పుడు ఇవ్వాలో నైస్ అనే సంస్థ 2008లో నిబంధనలు పెట్టింది. ఇంజెక్షన్లతో ఎంత జాగ్రత్తగా ఉన్నా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సరాసరిని చూపే రక్తపరీక్ష) 8.5 శాతం, అంతకన్నా ఎక్కువ ఉండాలి. లేదా షుగర్ పడిపోయే హైపోలతో బతుకు దుర్భరమై ఉండాలి.

నా హెచ్‌బీఏ1సీ ఎప్పుడూ 7 దగ్గరే ఉండేది. క్లినిక్‌లో ఆ అంకె చూసి "చాలా బాగుంది, పంపు అవసరం లేదు" అనేవారు. షుగర్ పగలు 270, రాత్రి 50 ఉన్నా సరాసరి అందంగానే వస్తుంది. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా వాళ్లకి ఎక్కలేదు.

నన్ను నిజంగా దెబ్బతీసింది ఆ 50లే. మొదట్లో హైపో వస్తే చెమట, వణుకు, గుండె దడ ముందే హెచ్చరించేవి. పదే పదే పడిపోతుంటే శరీరం ఆ హెచ్చరికలు ఇవ్వడం మానేస్తుంది. నాకూ అదే జరిగింది. ఒక రాత్రి ఎంత లేపినా లేవకపోతే మా ఆయన షుగర్ పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇచ్చి అంబులెన్స్ పిలిచారు. అప్పట్నుంచి ఇద్దరికీ నిద్ర లేదు. పడుకోవాలంటేనే టెన్షన్.

దారి చూపింది ఒక డయాబెటిస్ నర్సు. హైపోలు ముందు తెలియకుండా పదే పదే వస్తూ, మళ్లీ వస్తాయేమోనన్న ఆందోళన వదలక, జీవితాన్ని బాగా దెబ్బతీస్తుంటే పంపుకి అర్హతేనని నిబంధన చదివి వినిపించింది. మా భయం కూడా లెక్కలోకి వస్తుందని అంతకుముందు ఎవరూ చెప్పలేదు. అక్కడే ఏడ్చేశాను. తర్వాత ఒంటికి అంటించుకుని షుగర్ చూసే సెన్సార్ రికార్డులు ఇవ్వడం, తిండిలోని కార్బ్స్ (పిండిపదార్థాలు) లెక్కపెట్టే క్లాసులు, ఎదురుచూపులు. అవన్నీ ఎలాగో గడిచాయి.

పంపు రోజంతా కొద్దికొద్దిగా ఇన్సులిన్ వదులుతుంది. నాకు షుగర్ పడిపోయే గంటల్లో తక్కువ, తెల్లవారుజామున పెరిగే వేళకి ఎక్కువ వెళ్లేలా పెట్టుకున్నాను. రాత్రి ఒకసారి వేసుకునే లాంగ్ యాక్టింగ్ ఇంజెక్షన్‌తో ఇలా కుదరదు. అలాగని పంపు తగిలించుకుని నిశ్చింతగా ఉండలేం. రెండు మూడు రోజులకోసారి కాన్యులా, అంటే చర్మం కింద ఉండే సన్నని గొట్టం, మార్చాలి. పంపులో ఉండేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే కాబట్టి, ట్యూబు మడత పడితే ఇన్సులిన్ అందక కొన్ని గంటల్లోనే రక్తంలో కీటోన్లు అనే ప్రమాదకరమైన ఆమ్లాలు పెరుగుతాయి. అందుకే బ్యాగులో ఇన్సులిన్ పెన్ను తప్పనిసరిగా ఉంచుకుంటాను.

హైపోలు తగ్గాక నెమ్మదిగా హెచ్చరికలు తిరిగొచ్చాయి. ఒక మధ్యాహ్నం చేతులు వణికాయి. చూస్తే షుగర్ 64. నా శరీరం నాకు మళ్లీ చెబుతోందని ఎంత సంతోషపడ్డానో!

2023 డిసెంబరులో నైస్ ఇంకో మెట్టు ఎక్కింది. సెన్సార్ చూసి పంపు తనంతట తానే ఇన్సులిన్‌ని సర్దుకునే హైబ్రిడ్ క్లోజ్డ్ లూప్‌కి, పెద్దవాళ్లలో హెచ్‌బీఏ1సీ 7.5 శాతం, అంతకన్నా ఎక్కువున్నా అర్హులే. హైపోల దారి ఇందులోనూ ఉంది. మీ సరాసరి బాగుందని తిప్పి పంపుతుంటే ఆ దారి గురించే అడగండి. ఇంట్లోవాళ్లని వెంట తీసుకెళ్లండి. రాత్రి మీకేం జరిగిందో చెప్పగలిగేది వాళ్లే.