కనుబొమ్మల మైక్రోబ్లేడింగ్

థైరాయిడ్ వచ్చాక నా కనుబొమ్మల బయటి చివరలు బాగా పల్చబడిపోయాయి. రోజూ ఆఫీసు హడావిడిలో పెన్సిల్‌తో రెండూ సమానంగా దిద్దుకోవడం, మధ్యాహ్నానికల్లా చెమటకి చెరిగిపోవడం. విసుగొచ్చి మైక్రోబ్లేడింగ్ చేయించుకున్నాను. సన్నటి సూదుల వరసతో వెంట్రుక వెంట్రుకగా గీసి చర్మంలోకి రంగు ఎక్కిస్తారు. మత్తు క్రీమ్ రాసినా చురుకు తెలుస్తూనే ఉంది, ఆ గీరే చప్పుడు చెవిదాకా వినిపించింది.

మొదటి వారం అద్దం చూసుకోవాలంటేనే టెన్షన్. మరీ నల్లగా ఉన్నాయి, తర్వాత పొక్కులు కట్టి రాలాయి. వాటిని గిల్లకూడదు, గిల్లితే రంగు కూడా ఊడొస్తుంది. నెల, నెలన్నర తర్వాత టచప్, అంటే రంగు సరిగా పట్టని చోట మళ్లీ దిద్దడం, కూడా ఉంటుంది. ఇప్పుడు మాత్రం ముఖం కడుక్కుని అలాగే బయల్దేరుతున్నాను. ఆ హాయే వేరు!

అయితే జీవితాంతం ఉంటుందనుకోకండి. ఏడాది నుంచి మూడేళ్లలో వెలిసిపోతుంది. జిడ్డు చర్మమైతే గీతలు అలుక్కుపోతాయి, రంగు ఎర్రగానో బూడిదగానో మారొచ్చు. నచ్చకపోతే తీయించుకోవడం చేయించుకున్నంత తేలిక కాదు. గాయం మానాక ఉబ్బెత్తుగా పెరిగే కెలాయిడ్ మచ్చలు వచ్చే ఒళ్లయితే అసలు వద్దు. రంగుల్లో ఐరన్ ఆక్సైడ్, అంటే ఇనుము కలిసిన పదార్థం, ఉంటుంది కాబట్టి అయస్కాంతంతో చేసే ఎమ్మారై స్కాన్‌కి వెళ్తే ముందే చెప్పాలి. రంగు మీకు పడుతుందో లేదో ముందు కొంచెం రాసి చూసే ప్యాచ్ టెస్ట్ అక్కర్లేదని చేసేవాళ్లు అన్నా, సూది ప్యాకెట్ మీ ఎదురుగా విప్పకపోయినా, మొహమాటపడకుండా లేచి వచ్చేయండి.