పెట్టెల్లో వచ్చినవి, నడిచొచ్చినవి

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఒక పశువైద్యుడి దగ్గర అసిస్టెంటుగా చేరాక ఇది మూడో చలికాలం. నా పట్టా ఇక్కడ చెల్లాలంటే రాయాల్సిన పరీక్షలు ఇంకా మిగిలున్నాయి. ఈలోగా బ్లాక్‌ఫుట్ లోయలో ఆవులు ఈనే రోజుల్లో, అర్ధరాత్రి ఎవరు ఫోన్ చేసినా డాక్టరు వెనకాల సంచీ మోసేది నేనే.

తోడేలు పేరెత్తితే ఇక్కడి రాంచర్లు, అంటే పశువుల మందలు పెంచేవాళ్లు, తుపాకీ తీస్తారని విని వచ్చాను. తీసేవాళ్లూ ఉన్నారు, కాదనను. నాకు బాగా పరిచయమైన పెద్దాయన లెక్క మాత్రం వేరు. 1995, 96లలో కెనడా నుంచి పెట్టెల్లో తెచ్చి ఎల్లోస్టోన్ పార్కులో వదిలిన 31 తోడేళ్ల మాటెత్తితే మొహం గంటు పెట్టుకుంటాడు. అంతకుముందే సరిహద్దు దాటి, 1986లో గ్లేసియర్ పార్కులో పిల్లలు పెట్టినవాటి గురించైతే, "అవి నడిచొచ్చాయి, వాటి సంగతి వేరు" అంటాడు. కోరలు రెండిటికీ ఒకటే కదా అన్నానోసారి. "వాటిని నన్నడిగి తెచ్చారా?" అన్నాడు. వీసా మీద బతుకుతున్నవాణ్ణి, ఎవరెలా వచ్చారనే చర్చలో నేనెక్కువ మాట్లాడను.

పోయిన మార్చిలో ఆయన దూడ ఒకటి చచ్చింది. పరీక్షకొచ్చిన అధికారి పక్కనే కూర్చుని చూశాను. పైగాట్లను బట్టి ఏమీ చెప్పలేం. కాకులూ, నక్కల్లాంటి కొయోటీలూ అప్పటికే తిని ఉంటాయి. తోలు ఒలిచి లోపలివైపు చూడాలి. ప్రాణం ఉండగా పళ్లు దిగితే కండలో నెత్తురు గూడుకట్టి కమిలి ఉంటుంది. చచ్చాక కొరికితే కమలదు. చంపింది తోడేలేనని, కనీసం చాలావరకు అదేనని ఇలా తేలితేనే రాష్ట్ర బోర్డు మార్కెట్ ధర కట్టిస్తుంది. మాకు దొరికింది రెండు కాళ్లు, కాస్త తోలు. ఏమీ తేలలేదు. పెద్దాయన ఎవర్నీ తిట్టలేదు. "వేసవిలో కొండమీద మేతకెళ్లి తిరిగిరానివాటికి తోలైనా దొరకదు" అన్నాడంతే. బెదిరి సరిగ్గా మేయక చిక్కిపోయిన ఆవుల సంగతి ఏ ఫారంలో రాయాలో నాకూ తోచలేదు.

గ్రిజ్లీ ఎలుగుల మీద ఆయనకి అంత కోపం లేదు. ఇదివరకు చచ్చిన దూడల్ని ఎవరి పొలం మూలన వాళ్లు పడేసేవాళ్లు, ఆ వాసనకే ఎలుగులు దిగేవి. ఇప్పుడు ట్రక్కొచ్చి ఎత్తుకెళ్తుంది, కంపోస్టు చేస్తారు. లోయవాళ్లు తమలో తాము కూర్చుని ఒప్పుకున్న పద్ధతి కాబట్టేనేమో, ఆ ట్రక్కుకి అందరికంటే ముందు ఫోన్ చేసేది ఈయనే.

ఈ ఏడు దొడ్డి చుట్టూ తాడు లాగి, దానికి ఎర్ర గుడ్డపీలికలు కట్టాడు. అవి గాలికి ఊగుతుంటే తోడేళ్లు దాటడానికి జంకుతాయి. కొన్ని వారాలే, తర్వాత అలవాటు పడిపోతాయి. నేనూ ఓ పూట వెళ్లి కట్టాను, వేళ్లు కొంకర్లు పోయాయి. తెల్లారి చూస్తే తాడుకి అవతల, మంచులో పొడుగునా అడుగులు. లోపలికి ఒక్కటీ రాలేదు. ఆయన వంగి, అడుగు పక్కన అరచెయ్యి ఆనించి కొలుచుకుని, "ఇది నడిచొచ్చిన రకమే" అన్నాడు.

ఎలా తెలిసిందని నేనడగలేదు.