నాన్నగారి వీలునామా, అమ్మ పెన్షన్: మా ఇంట్లో చేసుకున్న ఏర్పాట్లు

"నా తర్వాత మీ అమ్మకు పెన్షన్ వస్తుంది, ఆవిడకు ఏ లోటూ ఉండదు" అని నాన్నగారు చాలా ఏళ్లుగా అంటూ వచ్చారు. ఎంత వస్తుందో మాత్రం ఆయన గానీ, అన్నయ్య గానీ, నేను గానీ ఎన్నడూ కాగితం మీద వేసి చూడలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం నుంచి 2005లో రిటైరైన ఆయనకు ఎనభై నిండి, పెన్షన్‌పై 20 శాతం అదనపు మొత్తం మొదలైన నెలలో ఆ లెక్క వేయడానికి కూర్చున్నాం. మూల పెన్షన్ చివరి వేతనంలో సగం, దానిపై ఈ అదనం కలిస్తే వేతనంలో 60 శాతమవుతుంది. పెన్షనరు పోయాక భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ మామూలు రేటు వేతనంలో 30 శాతమే. పెన్షనరుకు 67 ఏళ్లు నిండేవరకో, మరణించిన నాటి నుంచి ఏడేళ్లపాటో, ఏది ముందైతే అంతవరకు ఇచ్చే హెచ్చు రేటు మాకు ఎప్పుడో దాటిపోయింది. అమ్మకు ఎనభై నిండితే గానీ ఆమె పెన్షన్‌కు అదనం చేరదు, ఆమె వయసు ఇప్పుడు డెబ్బై నాలుగు. అంటే నాన్నగారు ముందు వెళ్లిపోతే, కరువు భత్యం సంగతి అటుంచినా, ఇంటికి వచ్చే నెలసరి సొమ్ము ఒక్కసారిగా సగానికి పడిపోతుంది. ఖర్చు మాత్రం ఒక మనిషి తగ్గినంత మాత్రాన సగానికి దిగదు.

మా పని క్రమాన్ని ఈ లెక్కే నిర్ణయించింది. ఇలాంటి ఏర్పాట్లు అనగానే చాలా కుటుంబాలు వీలునామాతో మొదలుపెట్టి, ఎవరికి ఏది అన్న చర్చలోనే ఆగిపోవడం నేను చూశాను. మిగిలిన భార్యకో భర్తకో చేతిలో డబ్బు, ఉండడానికి ఇల్లు, వాటి మీద సొంత అధికారం ఉన్నాయా లేవా అన్నది ముందు తేలాలని, పిల్లల వాటాలు దాని వెనకే రావాలని నా అభిప్రాయం. అన్నయ్య కూడా అదే అన్నాడు కాబట్టి మా ఇంట్లో పెద్ద వాదన జరగలేదు.

మొదట పెన్షన్ పేమెంట్ ఆర్డరు తీసి చూశాం. అందులో అమ్మ పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంది, పుట్టిన తేదీ ఉండవలసిన చోట ఖాళీగా వదిలేశారు. రేపు ఆమెకు ఎనభై నిండినప్పుడు అదనపు ఫ్యామిలీ పెన్షన్ రావాలంటే ఆ తేదీయే ఆధారం. దీన్ని సరిచేయించడానికి దరఖాస్తు ఇవ్వవలసింది పెన్షన్ ఇచ్చే బ్యాంకులో కాదు, ఆయన రిటైరైన కార్యాలయంలో. అక్కడి నుంచి పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకు, అక్కడి నుంచి సెంట్రల్ పెన్షన్ అకౌంటింగ్ ఆఫీసుకు, చివరికి బ్యాంకుకు కాగితం నడుస్తుంది. నాన్నగారు బతికి ఉండి తన సంతకంతో పంపితే ఇది ఆలస్యమైనా సాఫీగా జరిగే పని, ఆయన లేనప్పుడు ఆ రెండు పేర్లూ తనవేనని రుజువు చేసుకునే భారం అమ్మ మీద పడేది. పెన్షన్ ఖాతాను కూడా ఇద్దరి పేర ఈదర్ ఆర్ సర్వైవర్ పద్ధతిలో, అంటే ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోయాక మిగిలినవారు నడుపుకునేలా, ఉమ్మడి ఖాతాగా మార్పించాం. అలా ఉంటే ఫ్యామిలీ పెన్షన్ అదే ఖాతాలో పడుతుంది, కొత్త ఖాతా తెరవమని బ్యాంకు పట్టుపట్టకూడదు.

బ్యాంకులో అమ్మ సంతకం పాత నమూనాతో కలవలేదు. ముప్పై ఏళ్ల నాటి ఆ సంతకంలో అక్షరాలు గుండ్రంగా, పొడుగ్గా ఉన్నాయి, ఇప్పటి సంతకంలో చివరి రెండక్షరాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. "నాకెందుకే ఇవన్నీ, మీ నాన్నగారు ఉన్నారుగా" అని విసుక్కుంటూనే కొత్త నమూనా పత్రం మీద నెమ్మదిగా, పేరు మొత్తం రాసి సంతకం చేసింది. ఆ రోజే ఆమె పేర ఏటీఎం కార్డు కూడా తీసుకున్నాం, పిన్ను ఆమె చేతనే పెట్టించాను. బతికి ఉన్నామని చూపడానికి ఏటా నవంబరులో ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం ఫ్యామిలీ పెన్షనర్లకూ తప్పదు కాబట్టి, ఫోన్‌లో ముఖం చూపించి దాన్ని పంపడం ఎలాగో నాన్నగారి పత్రం పంపేటప్పుడే ఆమెకు చూపించాం. ఎనభై దాటినవారు అక్టోబరు నుంచే దాన్ని ఇవ్వవచ్చు.

ఆ తర్వాత డిపాజిట్లు. వాటిలో రెండింటికి నామినీగా ఇంకా మా నానమ్మ పేరే ఉంది, ఆమె పోయి చాలా కాలమైంది. నామినీ అంటే ఆ డబ్బుకు వారసుడని నాన్నగారు గట్టిగా నమ్మేవారు. ఆ నమ్మకం ఒక్క ఆయనదే కాదు, బ్యాంకులో పనిచేసి రిటైరైన మా బంధువు ఒకాయన కూడా అదే మాట చెప్పారు. నామినీ డబ్బు తీసుకుని అసలైన వారసుల తరఫున పట్టుకుని ఉండే మనిషి మాత్రమేనని బీమా పాలసీ విషయంలో సుప్రీంకోర్టు 1983లోనే చెప్పింది, షేర్ల విషయంలో 2023 డిసెంబరులో మళ్లీ అదే నిలబెట్టింది. బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ము వారికే చెందుతుంది. కాబట్టి వీలునామాలో ఒకరి పేరు, డిపాజిట్‌లో మరొకరి పేరు ఉంటే డబ్బు ఒకరి చేతికి, హక్కు మరొకరికి వెళ్లి, ఇద్దరూ కోర్టు మెట్లెక్కే పరిస్థితి వస్తుంది. మేము అన్ని డిపాజిట్లకూ నామినీగా అమ్మ పేరే రాయించి, వీలునామాలోనూ ఆ మొత్తాలను ఆమెకే ఇచ్చే విధంగా రెండింటినీ ఒకే దారిలో పెట్టాం. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు, ఒకరి తర్వాత ఒకరుగా వరుస కూడా చెప్పవచ్చు. అమ్మ తర్వాత వరుసలో అన్నయ్య పేరు, నా పేరు చేర్చాం. లాకరు విషయంలో వరుసక్రమం ఒక్కటే కుదురుతుందని బ్యాంకువారు చెప్పారు.

సగానికి పడే ఆదాయాన్ని కొంతైనా పూడ్చడానికి, గడువు తీరిన ఒక డిపాజిట్‌ను అమ్మ పేర సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేశాం. అందులో ఒక మనిషికి 30 లక్షల రూపాయల వరకు పరిమితి ఉంది, వడ్డీ మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది, గడువు ఐదేళ్లు. నాన్నగారి డబ్బును అమ్మ పేర వేసినంత మాత్రాన పన్ను తగ్గదు, ఆ వడ్డీని ఆయన ఆదాయంలోనే కలిపి లెక్క వేస్తారు. మా ఉద్దేశం పన్ను తప్పించుకోవడం కాదు కాబట్టి అది మాకు అడ్డు కాలేదు. ఎవరి సంతకం కోసమూ ఎదురుచూడకుండా మూడు నెలలకోసారి ఆమె చేతికి అందే సొమ్ము ఒకటి ఉండాలన్నదే మా ఆలోచన.

ఇంత అయ్యాకే వకీలు గారి దగ్గరకు వెళ్లాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఆస్తి విలువ ఎంతని కాదు, ఏది స్వార్జితం, ఏది పిత్రార్జితం అని. ఇల్లు నాన్నగారు జీతం డబ్బుతో కొన్నది. ఊళ్లో పొలం తాతగారి నుంచి పంపకాల్లో వచ్చినది. పొలం మొత్తం తనదే కాబట్టి తన ఇష్టం వచ్చినట్లు రాయవచ్చని నాన్నగారు అనుకుంటున్నారు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కూతురికి కూడా కొడుకుతో సమానంగా పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కు వచ్చిందని, సవరణ నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు కూడా లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చిందని, అందువల్ల ఆ పొలంలో ఆయనకు, అన్నయ్యకు, నాకు సమాన వంతులు ఉంటాయని, ఆయన వీలునామా రాయగలిగింది తన మూడో వంతుకే అని వకీలు గారు వివరించారు. నాన్నగారు కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అయితే నా వంతు మీ అమ్మకే రాయించండి" అన్నారు. మా ప్రాంతపు హిందూ న్యాయం ప్రకారం తండ్రీ పిల్లల మధ్య పంపకంలో తల్లికి విడిగా భాగం రాదు కాబట్టి, ఆయన రాస్తే తప్ప ఆ పొలంలో ఆమెకు దక్కేది చాలా తక్కువ.

బతికుండగానే ఇల్లు పిల్లల పేర గిఫ్టు డీడు రాసేస్తే తర్వాత గొడవ ఉండదని బంధువుల్లో కొందరు సలహా ఇచ్చారు. వీలునామాను మనసు మారినప్పుడు మార్చుకోవచ్చు, రాసినవారు పోయేవరకు దానికి అమలు లేదు. గిఫ్టు డీడు రిజిస్టరైన క్షణం నుంచి ఆస్తి చేతులు మారుతుంది, ఇచ్చినవారు తమంతట తాము దాన్ని రద్దు చేసుకోలేరు. తల్లిదండ్రులను చూసుకోవాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే తిరిగి తెచ్చుకోవడానికి 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టంలో 23వ సెక్షన్ ఉంది. కానీ ఎనభై ఏళ్ల వయసులో ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకునే పరిస్థితిని మనమే ఎందుకు తెచ్చుకోవాలి? అన్నయ్యా నేనూ ఇద్దరమూ గిఫ్టు డీడు వద్దన్నాం.

ఎక్కువ చర్చ ఇంటి గురించిన ఒక్క వాక్యం మీద జరిగింది. దస్తావేజు లేఖరులు అలవాటుగా రాసే పద్ధతిలో ముసాయిదాలో "నా భార్య తన జీవితాంతం ఎలాంటి విక్రయాది హక్కులు లేకుండా అనుభవించి, తదనంతరం నా కుమారుడు, కుమార్తె సమానంగా పొందవలసినది" అని ఉంది. చూడటానికి అది అమ్మకు రక్షణలా కనిపిస్తుంది. నిజానికి ఆ ఇల్లు పెద్దదై, మెట్లు ఎక్కలేక, దాన్ని అమ్మి చిన్న ఫ్లాటు కొనుక్కుందామనుకున్నా, వైద్యానికి డబ్బు కావలసి వచ్చినా ఆమె మా ఇద్దరి సంతకాల మీద ఆధారపడాలి. న్యాయపరంగానూ ఆ వాక్యం గట్టిది కాదు. భార్యకు భరణపు హక్కు కింద పరిమితంగా ఇచ్చిన ఆస్తి హిందూ వారసత్వ చట్టంలోని 14వ సెక్షన్ వల్ల ఆమెకు సంపూర్ణ హక్కుగా మారుతుందని 1977లో తులశమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వీలునామాతో పరిమితంగా ఇచ్చిన హక్కు పరిమితంగానే ఉంటుందన్న తీర్పులు కూడా తర్వాత వచ్చాయి, ఈ చిక్కును 2024 డిసెంబరులో విస్తృత ధర్మాసనానికి పంపారు. మన ఇంటి పత్రం ఆ వివాదంలో మరో కేసు కావడం ఎందుకని వకీలు గారే అన్నారు. చివరికి "సర్వహక్కులతో నా భార్యకు" అని మార్పించి, ఆమె ఆయన కంటే ముందే మరణిస్తే ఇల్లు పిల్లలిద్దరికీ సమానంగా అని మరో వాక్యం చేర్చాం. ఆ రెండో వాక్యం లేని వీలునామాలు చాలా కనిపిస్తాయట, పేరున్న మనిషి ముందే పోతే ఆ భాగం చెల్లకుండా పోతుంది.

వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ లేదు. తెల్ల కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, వారు ఆయన ఎదుట సంతకాలు పెట్టినా చెల్లుతుంది. అయినా మేము రిజిస్టరు చేయించాం, ఎందుకంటే అసలు కాగితం పోయినా నకలు దొరుకుతుంది, సంతకం ఆయనది కాదనడం కష్టమవుతుంది. అయితే రిజిస్టరైనంత మాత్రాన వీలునామా దానంతట అది రుజువైపోదు, తగవు వస్తే కనీసం ఒక సాక్షి కోర్టులో చెప్పాలి. అందుకే సాక్షులుగా నాన్నగారి ఈడు స్నేహితులను కాకుండా, మా కుటుంబ డాక్టరు గారిని, నాన్నగారి పాత సహోద్యోగి కొడుకును పిలిచాం. ఇద్దరికీ ఆస్తిలో ఏమీ రాదు, ఇద్దరూ వయసులో చిన్నవారు. ఆయన స్థిరచిత్తంతో ఉన్నారని డాక్టరు గారు అదే రోజు తేదీతో ధ్రువపత్రం కూడా ఇచ్చారు.

సబ్-రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర యంత్రం నాన్నగారి వేళ్లను పట్టలేదు. వేలు తుడిచి, నొక్కి, మరో వేలు పెట్టి చూసి, చివరికి బొటనవేలు ఆనింది. తర్వాత సబ్-రిజిస్ట్రారు గారు మమ్మల్ని పక్కకు వెళ్లమని, ఆయన ఒక్కరినే ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. "ఇది మీరే రాయించుకున్నారా అండీ? ఎవరైనా బలవంతం చేశారా?" అని అడగడం బయటికి వినిపించింది. "బలవంతం ఏమీ లేదండీ, పిల్లలు నాకు కావలసినంత ఎదురు చెప్పారు" అని నాన్నగారు జవాబిచ్చారు.

కోలుకునే ఆశ లేని స్థితిలో ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకునే ముందస్తు ఆదేశం కూడా అప్పుడే రాయించాం. సుప్రీంకోర్టు 2018లో అనుమతించి, 2023 జనవరిలో సులభతరం చేశాక, ఇద్దరు సాక్షులతో పాటు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఎదుట సంతకం చేస్తే సరిపోతోంది.

అన్ని కాగితాల నకళ్లూ, ఖాతాల జాబితా ఒక ఫైలులో పెట్టి అమ్మ బీరువాలో ఉంచాం, మరో ప్రతి అన్నయ్య దగ్గర ఉంది. సరిదిద్దిన పెన్షన్ ఉత్తర్వు ఇటీవలే వచ్చింది, అందులో పుట్టిన తేదీ సరిగ్గా ఉంది. ఇల్లు పూర్తి హక్కులతో అమ్మకు రాబోతున్నప్పుడు ఆమె వీలునామా కూడా ఉండాలి కదా అని వకీలు గారు గుర్తుచేశారు. దాని ముసాయిదా తయారైంది, బంగారం ఎవరికన్న పేరాగ్రాఫు ఒక్కటి ఆమె ఇంకా తేల్చలేదు, అది తేలాక రిజిస్ట్రేషన్‌కు తేదీ తీసుకుంటాం.